వైరస్ రాత చెరిపే మందు

*ఎబోలా, మార్బర్గ్ లాంటి ప్రాణాంతక జ్వరాల వైరస్‌లను జన్యువు దగ్గరే దెబ్బతీసే మందులు ఇరవై ఏళ్ల కిందటే ప్రయోగశాలల్లో పుట్టాయి. చావు ఖాయమనుకున్న కోతులను బతికించాయి. మనుషుల మంచం దాకా ఎందుకు రాలేకపోయాయి?*

2004 ఫిబ్రవరి 11. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, ఫోర్ట్ డెట్రిక్ సైనిక వైద్య పరిశోధనా కేంద్రం. ఒళ్లంతా కప్పే నీలం సూటు వేసుకుని, గొట్టంలోంచి వచ్చే గాలి పీలుస్తూ ఓ వైరాలజిస్టు ఎలుకలకు ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఆ ఎలుకలన్నింటికీ అప్పటికే ఎబోలా ఎక్కించి ఉంది. ఒక ఎలుక కాలు విదిల్చింది. సిరంజి పక్కకు తప్పింది. సూది ఎడమ చేతి గ్లౌజుల్లోంచి దిగి చర్మాన్ని గీరింది.

చూస్తే చిన్న గాటు. వెంటనే గాయాన్ని నొక్కి రక్తం బయటికి తీశారు. సూటు మీద రసాయనాల షవర్ పడేదాకా బయటికి రావడానికి లేదు. వచ్చాక లీటరు శుద్ధజలంతో కడిగి, పది నిమిషాల పాటు అయోడిన్‌తో తోమారు. ఆ తర్వాత 21 రోజులు ఎవరూ తాకకుండా ప్రత్యేక గదిలో ఉంచారు. ఎబోలా సోకిందో లేదో తేలడానికి అంతకాలం పట్టొచ్చు.

ఆ గది తలుపులు మూసుకున్న గంటల్లోనే ఖండానికి ఆ చివర ఒరెగాన్‌లో ఏవీఐ బయోఫార్మా అనే చిన్న కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు పనిలో దిగారు. వాళ్ల దగ్గర రోగి రక్తం లేదు, వైరస్ కూడా లేదు. ఉన్నదల్లా వైరస్ జన్యువుల్లోని అక్షరాల వరుస. దాన్ని చూసి, సరిగ్గా ఆ అక్షరాలకే అతుక్కునే అణువులను వారం తిరగకముందే తయారుచేసి పంపారు. అవసరమైతే వాడుకోవడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యవసర అనుమతి కూడా ఇచ్చింది. అదృష్టవశాత్తూ వైరస్ సోకలేదు. మందు వాడే పని పడలేదు.

తర్వాతి నెలలో ఇంకో సూది. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్, కెనెమా ఊరి ఆసుపత్రి. పాతికేళ్లుగా, ఎబోలా లాంటిదే అయిన లస్సా జ్వరం వార్డు నడుపుతున్న డాక్టర్ అనీరు కాంటే ఒక రోగి రక్తం తీస్తుంటే సూది గుచ్చుకుంది. ఏప్రిల్ 4న, తాను చికిత్స చేస్తూ వచ్చిన జబ్బుతోనే ఆయన కన్నుమూశారు. మేలో మూడో సూది. సైబీరియాలోని వెక్టర్ పరిశోధనా కేంద్రంలో ఎబోలా మీద పనిచేస్తున్న ఓ మహిళా శాస్త్రవేత్త అరచేతిలో దిగింది. రెండు వారాలకు ఆమె చనిపోయారు.

ఒకే ఏడాది, మూడు సూదులు. ముగ్గురిలో ఒక్కరికే కొత్త మందు గుమ్మం దాకా వచ్చింది. ఆ గుమ్మం ఏ దేశంలో ఉందన్నది ఈ కథలో మొదటినుంచీ పెద్ద విషయమే.

ఎబోలా ఈ మధ్య మళ్లీ వార్తల్లోకెక్కింది. 2025 సెప్టెంబరులో కాంగోలోని కసాయి రాష్ట్రం, బులాపే ప్రాంతంలో మొదలై, డిసెంబరు 1న ముగిసిందని ప్రకటించేలోగా 64 మందిని పట్టుకుంది. 45 మంది చనిపోయారు. అది సద్దుమణుగుతుండగానే నవంబరులో ఇథియోపియా నుంచి మార్బర్గ్ కబురు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ జనం అడిగేది ఒకటే: దీనికి మందు లేదా?

ఏడు జన్యువుల శత్రువు

ఎబోలా వైరస్ మొత్తం రాత దాదాపు 19 వేల అక్షరాలు. జన్యువులు ఏడంటే ఏడు. మనిషి జన్యుపటంలో 300 కోట్ల అక్షరాలున్నాయి. అయినా ఆ కాస్త రాతతోనే అది సోకినవారిలో సగటున సగం మందిని చంపుతుంది. 1976లో కాంగోలోని యాంబుకు మిషన్ ఆసుపత్రి దగ్గర తొలిసారి బయటపడినప్పుడు 318 మందికి సోకితే 280 మంది చనిపోయారు. అక్కడ రోజుకు ఐదే సిరంజిలు ఉండేవి. వాటితోనే అందరికీ పొడిచేవారు.

వైరస్ ముందుగా చొరబడేది మన కాపలా కణాల్లోకే. వీపీ35, వీపీ24 అనే రెండు ప్రొటీన్లతో ఒంట్లో మోగాల్సిన ప్రమాద ఘంటికను నొక్కేస్తుంది. 'ఎల్' అనే మూడో ప్రొటీన్ దాని నకళ్లు తీసే యంత్రం. ఘంటిక మోగదు, నకళ్లు ఆగవు. తేరుకునేలోపు మిల్లీలీటరు రక్తంలో వైరస్ కోట్లకు చేరుతుంది.

రక్తస్రావ జ్వరం అనగానే నోటి నుంచీ ముక్కు నుంచీ రక్తం కారే దృశ్యమే కళ్లముందు మెదులుతుంది. నిజానికి చాలామందిలో పైకి అంత రక్తం కనబడదు. వాంతులు, విరేచనాలతో లీటర్ల కొద్దీ నీరు పోతుంది. రక్తనాళాలు చెమ్మగిల్లి కారతాయి. బీపీ పడిపోతుంది, మూత్రపిండాలు చేతులెత్తేస్తాయి. డెంగీ ముదిరి ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషి పక్కన ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నవాళ్లు తెలుగు నేల మీద ప్రతి వానాకాలంలోనూ ఉంటారు. ఈ జ్వరాల తీరు వాళ్లకు కొంతైనా అర్థమవుతుంది.

కబురు మీదే దెబ్బ

మామూలు మందులు చాలావరకు తయారైన ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. జన్యువును గురిపెట్టే మందు అంతకంటే ఒక మెట్టు ముందే దెబ్బకొడుతుంది. ప్రొటీన్ తయారీకి కణంలో తిరిగే కబురు ఆర్‌ఎన్‌ఏ. అందులో నాలుగే అక్షరాలు: ఎ, యు, జి, సి. ఎ కి యు, జి కి సి జోడీ. వైరస్ కబురులోని ఒక ముక్కకు సరిగ్గా జోడీ అక్షరాలతో అణువును తయారుచేస్తే, జిప్పులో ఒక పక్క పళ్లలోకి ఇంకో పక్క పళ్లు ఇరుక్కున్నట్టు అది పోయి ఇరుక్కుంటుంది. ఇక కణం ఆ కబురు చదవలేదు. ఒరెగాన్ కంపెనీ మందులు ఈ రకం. రెండో రకం ఎస్ఐఆర్ఎన్ఏ. ఇది కణంలో మనకున్న కత్తెరనే వాడుకుని, జోడీ కుదిరిన కబురును తెంపేస్తుంది.

ఇందులో నన్ను కట్టిపడేసేది దీని వేగం. యాంటీబాడీ మందు చేయాలంటే కోలుకున్న మనిషి రక్తం కావాలి, నెలల తరబడి వడపోత కావాలి. ఇక్కడ వైరస్ అక్షరాలు తెలిస్తే చాలు, పని మొదలుపెట్టొచ్చు. వైరస్ రెండక్షరాలు మార్చుకుంటే మందులోనూ రెండక్షరాలు మార్చొచ్చు. కష్టమల్లా దాన్ని కణంలోకి చేర్చడం. ఎస్ఐఆర్ఎన్ఏని ఊరికే రక్తంలో వదిలితే నిమిషాల్లో ముక్కలైపోతుంది. అందుకని సన్నని కొవ్వు బుడగల్లో చుట్టి పంపాలి.

కెనడా కంపెనీ టెక్‌మిరా ఆ బుడగలు చేసింది. అమెరికా శాస్త్రవేత్త థామస్ గైస్‌బర్ట్ బృందం వాటిని కోతుల మీద పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించింది. ఎబోలా ఎక్కించిన అరగంటకు మొదలుపెట్టి ఏడు డోసులిచ్చిన నాలుగు కోతులూ బతికాయి. అదే ఏడాది ఏవీఐ మందుతో ఎబోలా కోతుల్లో పదింట ఆరు వంతులు, మార్బర్గ్ కోతుల్లో అన్నీ నిలిచాయి. 2014లో గైస్‌బర్ట్ బృందం మార్బర్గ్ ఎక్కించాక మూడు రోజుల వరకూ ఆగి ఎస్ఐఆర్ఎన్ఏ ఇచ్చి చూసింది. మందు పడిన 16 కోతుల్లో 16 బతికాయి.

> ఈ విద్య ఎక్కడిది?
>
> 1978: హార్వర్డ్‌లో పాల్ జామెక్నిక్, మేరీ స్టీఫెన్సన్ ఓ వైరస్ ఆర్‌ఎన్‌ఏకి జోడీ ముక్క చేసి దాని పెరుగుదలను అడ్డుకున్నారు.
>
> 1998: రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏతో జన్యువు నోరు మూయించవచ్చని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో పురుగుల్లో చూపారు. 2006లో నోబెల్ అందుకున్నారు.
>
> 2018: తొలి ఎస్ఐఆర్ఎన్ఏ మందు పటిసిరాన్‌కు అమెరికా అనుమతి. వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకు వాడతారు.

డబ్బు ఆగింది, జ్వరం ఆగలేదు

2010 జులైలో అమెరికా రక్షణశాఖ ఈ రెండు కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. ఏవీఐకి 29.1 కోట్ల డాలర్ల వరకు, టెక్‌మిరాకు 14 కోట్ల డాలర్ల వరకు. సైన్యానికి ఇందులో ఆసక్తి ఎందుకంటే, ఎబోలాను ఎవరైనా ఆయుధంగా వాడతారేమోనన్న భయం. కాంగో పల్లెల్లో పోతున్న ప్రాణాలు ఆ లెక్కలో తర్వాతి మాట. భయం తగ్గితే డబ్బూ తగ్గుతుంది. 2012 అక్టోబరులో నిధుల్లేవంటూ రక్షణశాఖ ఏవీఐ ఎబోలా ఒప్పందాన్ని రద్దు చేసింది. అప్పటికి ఆ కంపెనీ పేరు సరెప్టాగా మారింది.

సరిగ్గా 14 నెలల తర్వాత, 2013 డిసెంబరులో గినీలోని మెలియాండూ అనే చిన్న ఊళ్లో రెండేళ్లు కూడా సరిగా నిండని ఓ పసివాడు జ్వరంతో చనిపోయాడు. తర్వాత అక్క, తల్లి, అవ్వ. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 28,600 మందికి పైగా సోకి, 11,300 మందికి పైగా ప్రాణాలు తీసిన ఎబోలా అలా మొదలైంది. రద్దు కాకుండా ఉంటే ఆ మందు అప్పటికి సిద్ధమయ్యేదని నేననలేను. ఎవరూ అనలేరు. కానీ పరీక్షల వైపు ఇంకాస్త ముందుకు సాగే అవకాశం దానికి ఉండేది. ఆ అవకాశాన్ని కొట్టేసింది రోగం కాదు, బడ్జెట్ పద్దు.

కెనెమా ఇచ్చిన అక్షరాలు

డాక్టర్ కాంటే పోయాక కెనెమా లస్సా వార్డు బాధ్యత తీసుకున్నది షేక్ ఉమర్ ఖాన్ అనే యువ వైద్యుడు. ముందున్న వైద్యుడు ఏ సూదితో చనిపోయాడో తెలిసే ఆ కుర్చీలో కూర్చున్నాడు. 2014 మే చివర్లో సియెర్రా లియోన్‌లో తొలి ఎబోలా కేసును గుర్తించింది ఆయన బృందమే. లస్సా కోసం పెట్టుకున్న చిన్న ల్యాబే అప్పుడు దేశానికి దిక్కయింది.

రోగుల రక్తంలో మిగిలిన భాగాన్ని, వైరస్‌ను చంపి, వాళ్లు బోస్టన్ పక్కనే కేంబ్రిడ్జ్‌లో ఉన్న బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడ పార్దిస్ సాబెటీ బృందం 78 మంది రోగుల నుంచి 99 వైరస్ జన్యుపటాలు చదివింది. పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా ఎప్పటికప్పుడు అందరికీ కనబడేలా పెట్టేసింది. మూడు దేశాల సరిహద్దులో పారే మకోనా నది పేరుమీద ఆ రకాన్ని ఎబోలా మకోనా అన్నారు.

ఆ అక్షరాల కోసం కెనెమా ఏం ఇచ్చిందో చూడండి. లస్సా వార్డులో పెద్ద నర్సు మ్బాలు ఫోనీ, అందరికీ ఆంటీ, జులైలో పోయింది. ఆమెతో పనిచేసిన నర్సులు అలెక్స్ మోయిగ్‌బోయ్, ఆలిస్ కొవోమా పోయారు. ల్యాబులో పనిచేసిన మహమ్మద్ ఫుల్లా పోయాడు. జులై 29న డాక్టర్ ఖాన్ పోయాడు. ఆయన వయసు 39. ఆగస్టులో సైన్స్ పత్రికలో ఆ పరిశోధన వెలువడేనాటికి రచయితల పట్టికలో ఈ ఐదుగురూ బతికి లేరు.

ఖాన్‌ను చేర్పించిన కైలాహున్ కేంద్రంలో జడ్‌మ్యాప్ అనే ప్రయోగాత్మక యాంటీబాడీ మందు ఉంది. అంతకుముందు ఏ మనిషికీ ఇవ్వని మందు. వికటిస్తే జనం ఆసుపత్రుల మీద నమ్మకం వదులుకుంటారని అక్కడి వైద్యులు తర్జనభర్జన పడి ఇవ్వలేదు. కొద్ది రోజులకు అదే మందు లైబీరియాలో జబ్బుపడిన ఇద్దరు అమెరికన్లకు ఇచ్చారు. ఇద్దరూ బతికారు. వాళ్లను బతికించింది ఆ మందేనని తేల్చి చెప్పలేం, నిజమే. ఖాన్‌ను మాత్రం అడగలేదు. ఆ మందు అదే కేంద్రంలో ఉందని ఆయనకు చెప్పనే లేదు. ఈ జ్వరాల గురించి ఆయనకు తెలిసినంత ఆ దేశంలో ఇంకెవరికీ తెలియదు. నిర్ణయం ఆయనకే వదిలేసి ఉండాల్సిందని నా మనసు ఇప్పటికీ అంటుంది.

పోర్ట్ లోకోలో పద్నాలుగు మంది

టెక్‌మిరా పాత మందు కాంగోలో దొరికిన పాత ఎబోలా అక్షరాలకు కుట్టింది. మకోనా రకంలో అక్షరాలు అక్కడక్కడా మారాయి. కెనెమా రక్తంలోంచి వచ్చిన అక్షరాలు చూసుకుని మందు మళ్లీ రాశారు. 2015 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో కోతుల ఫలితాలు వచ్చాయి. సోకిన మూడు రోజులకు, జబ్బు బయటపడ్డాక మందు మొదలుపెట్టినా మూడింటికి మూడు బతికాయి. మందు పడని కోతులు ఎనిమిది, తొమ్మిది రోజుల్లో చచ్చిపోయాయి.

అప్పటికే, మార్చిలో, సియెర్రా లియోన్‌లోని పోర్ట్ లోకో చికిత్సా కేంద్రంలో మనుషులకు ఇవ్వడం మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ బృందం నడిపిన పరీక్ష అది. రోజుకొకసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కించాలి, ఏడు రోజులు. రక్షణ సూటు, మూడు పొరల గ్లౌజులు, బయట మండే ఎండ. సూటులో గంట నిలబడితే బూట్లలో చెమట నిండుతుంది. నీరు పోయి ఎండిపోయిన చేతికి నరం దొరకదు.

పద్నాలుగు మందికి మందు ఇచ్చారు. ఇద్దరు చేరిన 48 గంటల్లోపే పోయారు. మిగిలిన పన్నెండు మందిలో తొమ్మిది మంది చనిపోయారు. ముగ్గురు ఇంటికి వెళ్లారు. ఫలితం ఇలా వస్తే ఆపేయాలని ముందే రాసుకున్న గీత దాటడంతో పరీక్ష ఆగింది.

మందు పడకముందు ఆ పద్నాలుగు మంది రక్తంలో వైరస్ సగటున మిల్లీలీటరుకు రెండు వందల కోట్లకు పైగా ఉంది. కోతికి వైరస్ ఎప్పుడు ఎక్కిందో నిమిషంతో సహా తెలుసు. పోర్ట్ లోకో రోగి మాత్రం జ్వరం వచ్చి, మందులషాపు మాత్ర మింగి, నాటు వైద్యం చూసుకుని, చావు ఖాయమనే భయంతో చికిత్సా కేంద్రానికి రాకుండా దాక్కుని, ఇక నడవలేనప్పుడు అంబులెన్సులో వచ్చాడు. అప్పటికి కబురును తెంపినా చేరాల్సింది ఎప్పుడో చేరిపోయింది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినిపోయాయి.

పత్రికలు 'మందు విఫలం' అని రాశాయి. ఎంతో ఆలస్యంగా వచ్చిన పన్నెండు మందిలో అది పనిచేయలేదన్నదే నిజం. ముందుగా ఇస్తే ఏమవుతుందో మనుషుల్లో ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు.

ఒక్కో రోజు ఖరీదు

2018లో కాంగో ఉత్తర కివూలో ఎబోలా విరుచుకుపడింది. ఒకపక్క తుపాకుల మోత, చికిత్సా కేంద్రాల మీద దాడులు. ఆ మధ్యలోనే నాలుగు మందులను పక్కపక్కన పెట్టి, 681 మంది రోగులతో పరీక్ష జరిగింది. దాన్ని నడిపించినవారిలో ముఖ్యుడు జాన్-జాక్ ముయెంబే. 1976లో యాంబుకు రోగుల రక్తం చేతులకు గ్లౌజులు కూడా లేకుండా తీసిన కాంగో వైద్యుడు ఆయన. 1995 నాటి విజృంభణలో ఆయన బృందం కోలుకున్నవాళ్ల రక్తాన్ని ఎనిమిది మంది రోగులకు ఎక్కిస్తే ఏడుగురు బతికారు. పాశ్చాత్యులు అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఆనాటి బాధితుల్లో ఒకరి రక్తం నుంచే ఎంఏబీ114 యాంటీబాడీ వచ్చింది. ఉత్తర కివూ పరీక్షలో దాన్ని తీసుకున్నవారిలో 35 శాతం, రెజెనరాన్ కంపెనీ యాంటీబాడీల మందు తీసుకున్నవారిలో 33.5 శాతం చనిపోయారు. జడ్‌మ్యాప్‌తో దాదాపు 50 శాతం, రెమ్‌డెసివిర్‌తో 53 శాతం. మొదటి రెంటికీ 2020లో అనుమతి వచ్చింది.

అదే పరీక్షలోని ఇంకో లెక్క నాకు అంతకంటే ముఖ్యమనిపిస్తుంది. జబ్బు లక్షణాలు కనబడిన ఒక రోజులోపే వచ్చినవారిలో చనిపోయింది 19 శాతం. ఐదు రోజులు ఆగి వచ్చినవారిలో 47 శాతం. గెలిచిన మందులకే గడువు అంత బిగుతుగా ఉంటే, పోర్ట్ లోకోలో ఓడిన మందును మళ్లీ పరీక్షించకుండా అటకెక్కించడం సబబు కాదు.

> రెమ్‌డెసివిర్ మనకెలా తెలుసంటే...
>
> కాంగోలో ఎబోలా మీద ఓడిన మందే 2020లో కోవిడ్‌కు వచ్చింది. హైదరాబాద్ కంపెనీ హెటెరో అదే ఏడాది జూన్‌లో 'కోవిఫర్' పేరుతో తెచ్చింది. 100 మిల్లీగ్రాముల సీసా ధర అప్పట్లో 5,400 రూపాయలు. 2021 ఏప్రిల్‌లో ఆ సీసా కోసం రాత్రుళ్లు లైన్లలో నిలబడ్డవారు తెలుగు పట్టణాల్లో ఎందరో.

> మనకు దగ్గర్లో
>
> క్యాసనూరు అటవీ వ్యాధి: 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లా అడవుల్లో కోతులు చచ్చిపడుతుంటే బయటపడింది. పిడుదుల ద్వారా సోకుతుంది.
>
> క్రిమియన్-కాంగో జ్వరం: మన దేశంలో 2011లో గుజరాత్‌లో తొలిసారి నిర్ధారణ అయింది. చికిత్స చేసిన ఆసుపత్రి సిబ్బందీ బలయ్యారు.
>
> డెంగీ: ఎక్కువమందికి మామూలుగానే తగ్గుతుంది. ముదిరితే రక్తస్రావ జ్వరమే. వైరస్‌ను చంపే ప్రత్యేక మందు లేదు.

విద్య ఎటుపోయింది?

ఆ విద్య ఎక్కడికీ పోలేదు, బాగానే వర్ధిల్లింది. సరెప్టా అదే రసాయనంతో పిల్లల కండరాల క్షీణతకు మందు చేసి 2016లో అనుమతి తెచ్చుకుంది. కొవ్వు బుడగల్లో వచ్చే పటిసిరాన్‌కు అమెరికాలో పెట్టిన ధర ఏడాదికి 4.5 లక్షల డాలర్లు. అలాంటి బుడగలే ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్ని కోట్లమంది భుజాల్లోకి చేర్చాయి. ఆ పిల్లలు నడవాలి, ఆ రోగులు బతకాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ డబ్బు పెట్టి కొనగల రోగి ఉన్న ప్రతి చోటికీ ఈ విద్య వెళ్లింది. కసాయికి మాత్రం వెళ్లలేదు. అక్కడ కొనేవాడు లేడు. రెండు విజృంభణల మధ్య నాలుగేళ్లు ఏ కేసూ రాకపోతే ఏ కంపెనీ బోర్డూ దాన్ని నిలబెట్టదు. ఆ ఖర్చు ప్రభుత్వాలు, ప్రపంచ సంస్థలే జబ్బు లేని రోజుల్లోనూ భరించాలి.

ప్రయోగశాలల్లో పని సాగుతూనే ఉంది. 2019లో సాబెటీ బృందమే క్రిస్పర్ అనే జన్యు కత్తెరల కుటుంబంలోని కాస్13తో, లస్సాకు దగ్గరి బంధువైన ఓ వైరస్‌ను కణాల్లో ముక్కలు చేసి చూపింది. దాన్ని మనిషి ఒంట్లో సరైన కణంలోకి చేర్చడమెలాగన్నది ఇంకా తేలాలి.

ఈ మందులకు సరైన పరీక్ష ఎక్కడ జరగాలో 2024 సెప్టెంబరులో రువాండా చూపించింది. మార్బర్గ్ సోకిన 66 మందిలో అత్యధికులు ఆసుపత్రి సిబ్బందే. త్వరగా గుర్తించి, ఐసీయూల్లో కంటికి రెప్పలా కాచుకోవడంతో చనిపోయినవారు 15 మందికి పరిమితమయ్యారు. వెంటిలేటర్ మీదికి వెళ్లిన రోగులు కూడా తిరిగొచ్చారు. సిబ్బందికి సోకినప్పుడు ఒక వెసులుబాటుంటుంది. ఏ వార్డులో ఏ షిఫ్టులో ఎవరున్నారో రిజిస్టరులో ఉంటుంది. జ్వరం రాకముందే, వైరస్ లెక్క వేలల్లో ఉండగానే మందు మొదలుపెట్టొచ్చు. కోతులకు దొరికిన ఆ మూడు రోజులు మనుషులకూ అక్కడ దొరుకుతాయి. అందుకు డోసులు ముందే తయారై ఉండాలి, నైతిక కమిటీల సంతకాలు ముందే అయి ఉండాలి, యాంటీబాడీతో కలిపి ఇవ్వాలా విడిగానా అన్నది ముందే రాసి ఉండాలి. 16 కోతులను బతికించిన మందు ఫలితాలు అచ్చయి అప్పటికి పదేళ్లు. రువాండా రాజధాని కిగాలీలో వైద్యుల చేతిలో ఉన్నవి రెమ్‌డెసివిర్, ఇంకా పరీక్షల్లో ఉన్న ఒక యాంటీబాడీ.